కొట్టక తప్పని ఆట: చెకర్స్ నేర్చుకోవడానికి సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్ల అరుగుల మీద పులి–మేక గీతలు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిలో కొన్ని రాతిపలక మీద ఉలితో చెక్కినవి, మరికొన్ని వేసవి సెలవులు రాగానే పిల్లలు సుద్దముక్కతో గీసుకునేవి. తెలుగిళ్లలో పులి–మేక అనే ఆ ఆటనే పక్కింటి ఒడియా కుటుంబంలో బాఘ–ఛెళి అంటారు, అయినా ఆడేటప్పుడు ఎవరికీ దుబాసీ అవసరం ఉండదు. పులి పక్కనున్న మేక మీదుగా దాటి, దాని వెనకున్న ఖాళీ చోటులో దిగితే ఆ మేక చచ్చినట్టే. ఈ ఒక్క సంగతి తెలిసినవారికి చెకర్స్‌లో సగం ఆట ముందే తెలిసినట్టు లెక్క. పులి–మేకలో ఒక పక్షానికి దాటే హక్కు, మరొక పక్షానికి దారులు కట్టే హక్కు ఉంటే, చెకర్స్‌లో మాత్రం రెండు పక్షాలకూ రెండు హక్కులూ ఉంటాయి. ప్రతి కాయా ఒక క్షణం పులి, మరుక్షణం మేక.

ఈ ఆటను మన ప్రాంతంలో ఇంగ్లీషు బడులకు వెళ్లిన పెద్దలు డ్రాఫ్ట్స్ అనీ, ఫోన్లలో చూసి నేర్చిన పిల్లలు చెకర్స్ అనీ పిలుస్తారు. మొదటిది బ్రిటన్ వాడుక, రెండవది అమెరికా వాడుక, ఆట మాత్రం ఒక్కటే. అంగడిలో అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చైనీస్ చెకర్స్ పేరుతో దొరికే నక్షత్రాకారపు బల్ల పూర్తిగా వేరే ఆటకు చెందినది. 1892లో జర్మనీలో వెలువడిన ఆ ఆటలో దాటడం ఉంటుంది గానీ కాయలను చంపడం ఉండదు. మనకు కావలసింది మామూలు చదరంగం బల్ల, రెండు రంగుల్లో 12 చొప్పున మొత్తం 24 కాయలు.

బల్ల, కాయలు, కూర్చునే పద్ధతి

బల్ల కొనవలసిన పని లేదు. అట్టపెట్టె మూతను 40 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, ఒక్కొక్క గడి 5 సెంటీమీటర్లు ఉండేలా నిలువుగా ఎనిమిది, అడ్డంగా ఎనిమిది వరుసలు గీస్తే 64 గడులు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి నల్లగా పూస్తే 32 నల్ల గడులు, 32 తెల్ల గడులు ఏర్పడతాయి. ఆట మొత్తం నల్ల గడుల మీదనే నడుస్తుంది. తెల్ల గడుల మీద మొదటి నుంచి చివరి దాకా ఏ కాయా కాలు పెట్టదు.

కాయలకు సోడా సీసా మూతలు శ్రేష్ఠమని నా అనుభవం. చింతపిక్కలు, గవ్వలు అందంగా ఉంటాయి, కానీ ఆట సగంలో కొన్ని కాయలు రాజులవుతాయి కాబట్టి, ఏది మామూలు కాయో ఏది రాజో ఎదుటివారికి చూడగానే తెలియాలి. మూతలైతే బోర్లా ఉన్నది కాయ, వెల్లకిలా తిప్పినది రాజు అని ఇట్టే తేలిపోతుంది. బజారులో కొన్న బిళ్లలైతే చచ్చిన బిళ్లను ఒకదానిని తెచ్చి పైన పెట్టి రాజును చేయడం ఆచారం.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ప్రతి ఒక్కరికీ తమ ఎడమచేతి వైపు మూల గడి నల్లగా ఉండాలి. బల్లను తప్పుగా తిప్పి పెడితే కాయలు నడుస్తాయి గానీ, తరువాత చెప్పబోయే మూలల లెక్కలన్నీ తారుమారవుతాయి. ఎవరి వైపున్న మొదటి మూడు వరుసల్లోని నల్ల గడుల మీద వారి 12 కాయలు పేర్చాలి. మధ్యలో రెండు వరుసలు ఖాళీగా ఉంటాయి. నల్ల కాయలు తీసుకున్నవారు మొదటి ఎత్తు వేయాలి, ఆ తరువాత వంతులవారీగా ఒక్కొక్క ఎత్తు వేస్తూ పోవాలి. చదరంగంలో తెలుపు మొదలుపెట్టడం అలవాటైన పిల్లలు ఇక్కడ తరచు పొరబడతారు.

కాయ నడక

మామూలు కాయ ఐమూలగా, ముందుకు మాత్రమే, ఒక్క గడి మాత్రమే నడుస్తుంది. ఎడమ ఐమూలకు గానీ కుడి ఐమూలకు గానీ వెళ్లవచ్చు, ఆ గడి ఖాళీగా ఉండాలి. వెనక్కి రావడం కాయకు లేదు. అందుచేత ముందుకు వేసిన ప్రతి అడుగూ తిరిగి తీసుకోలేని అడుగే. కొత్తగా నేర్చే పిల్లలకు నేను మొదటి పూట కొట్టడం నేర్పను. రెండు పక్షాలకూ నాలుగేసి కాయలు ఇచ్చి, ఎవరి కాయలు ముందుగా అవతలి అంచుకు చేరతాయో పందెం వేయిస్తాను. ఐమూల నడక కంటికి పట్టడానికి ఆ అరగంట చాలు.

కొట్టడం: ఆటకు ప్రాణం ఇదే

మీ కాయకు ఐమూలగా ఎదురుగా ఉన్న గడిలో ఎదుటివారి కాయ ఉండి, అదే గీతలో దాని వెనక గడి ఖాళీగా ఉంటే, మీ కాయ దాని మీదుగా దాటి ఆ ఖాళీ గడిలో దిగుతుంది. దాటబడిన కాయను బల్ల మీద నుంచి తీసేయాలి. దిగిన చోటి నుంచి మరొక కాయను అదే విధంగా దాటే వీలుంటే అదే వంతులో దాన్ని కూడా కొట్టాలి. ఆ తరువాతి దూకు మొదటి గీతలోనే ఉండనక్కరలేదు, పక్క ఐమూలకు తిరిగి కూడా దూకవచ్చు. అలా రెండు, మూడు, అరుదుగా నాలుగు కాయలు కూడా ఒకే వంతులో పోతాయి. అయితే మామూలు కాయ కొట్టేటప్పుడు కూడా ముందుకే కొట్టాలి. సొంత కాయను దాటడం ఎవరికీ లేదు.

ఇక్కడి దాకా పులి–మేక తెలిసినవారికి కొత్త ఏమీ లేదు. కొత్త సంగతి ఏమిటంటే, కొట్టే వీలున్నప్పుడు కొట్టి తీరాలి. మీకు ఇష్టం లేకపోయినా, కొడితే నష్టమని కళ్లకు కనిపిస్తున్నా, ఆ వంతులో వేరే ఎత్తు వేసే హక్కు మీకు లేదు. కొట్టే దారులు రెండు మూడు ఉంటే వాటిలో ఏదైనా ఎంచుకోవచ్చు, ఎక్కువ కాయలు దొరికే దారినే పట్టాలన్న నిర్బంధం ఈ ఆటలో లేదు. కాని ఒక దారి పట్టాక, ఆ దారిలో కొట్టగలిగినన్నీ కొట్టాకే ఆగాలి.

మన ఊళ్లలో ఈ ఆట ఆడే ఇళ్లలో చాలాచోట్ల ఈ నియమాన్ని పిల్లల కోసమని పక్కన పెడతారు. ఆ దయ ఆటకు చేటు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. కొట్టడం ఐచ్ఛికమైతే ఇద్దరూ కాయలను గోడలా పేర్చుకుని కూర్చుంటారు, ఎవరూ ముందుకు రారు, అరగంటకు విసుగు పుట్టి బల్ల మడిచేస్తారు. కొట్టక తప్పదన్నప్పుడు మాత్రం ఒక కాయను ఎరగా వేసి ఎదుటివారి కాయను మనకు కావలసిన గడికి రప్పించవచ్చు. అంటే ఎదుటివారి ఎత్తును కూడా మనమే వేయించవచ్చు. చెకర్స్‌లో ఉన్న అందమంతా ఈ ఒక్క మాటలో ఉంది. చరిత్ర కూడా ఇదే చెబుతుంది. చదరంగం బల్ల మీద ఈ ఆట ఫ్రాన్స్‌లో 12వ శతాబ్దం నాటికే రూపు దిద్దుకుందని పరిశోధకులు భావిస్తారు, కొట్టడం తప్పనిసరి అన్న నియమం మాత్రం 16వ శతాబ్దంలో అక్కడే వచ్చి చేరింది. ఆట లోతు ఆ నియమంతోనే మొదలయింది.

కొట్టవలసిన చోట చూసుకోకుండా వేరే ఎత్తు వేస్తే ఏమి చేయాలన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. పూర్వం ఐరోపాలో అలా మరిచిన కాయ మీద ఉఫ్ అని ఊది, దాన్ని బల్ల మీద నుంచి తీసేసే ఆచారం ఉండేది. ఇప్పటి పోటీ నియమాల్లో ఆ శిక్ష లేదు. తప్పు ఎత్తును వెనక్కి తీసుకుని, కొట్టవలసిన కాయతో కొట్టించాలి. పిల్లలతో ఆడేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించండి. కాయ పోగొట్టుకున్న పిల్లవాడు ఏడుస్తాడు, వెనక్కి తీసి కొట్టినవాడు నేర్చుకుంటాడు.

రాజు

మీ కాయ ఎదుటివారి వైపున్న చివరి వరుసకు చేరితే రాజవుతుంది. రాజు కూడా ఒక్క గడే నడుస్తాడు, కానీ ముందుకూ వెనక్కూ నాలుగు ఐమూలలకూ వెళ్లగలడు, నాలుగు వైపులా కొట్టగలడు. రాజును కొట్టరాదన్న నియమం లేదు, మామూలు కాయ సైతం రాజును దాటి కొట్టవచ్చు.

తరచు గొడవకు దారితీసే చిన్న మెలిక ఒకటి ఉంది. ఒక కాయ కొడుతూ వెళ్లి చివరి వరుసలో దిగి రాజయితే, ఆ వంతు అక్కడితో ముగుస్తుంది. అక్కడి నుంచి వెనక్కి మరొక కాయను కొట్టే వీలు కనిపించినా, పట్టాభిషేకం అయిన వంతులోనే కొట్టకూడదు, తరువాతి వంతు దాకా ఆగాలి. ఈలోగా ఎదుటివారు ఆ కాయను తప్పించుకోవచ్చు కూడా.

గెలుపు, సమం

ఎదుటివారికి కాయలు మిగలకపోయినా, మిగిలిన కాయలకు కదిలే చోటు లేకపోయినా మీరు గెలిచినట్టే. రెండవది పులులను మేకలు కట్టేయడం వంటిదే. తన వంతు వచ్చినప్పుడు కదలలేనివాడు ఓడిపోతాడు. చదరంగంలో కదలలేని స్థితి సమం కింద పోతుంది కాబట్టి, అది తెలిసినవారు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి. ఇద్దరూ ఒప్పుకుంటే గానీ, ఒకే స్థితి మళ్లీ మళ్లీ వస్తూ ముందుకు సాగకపోతే గానీ ఆట సమం అవుతుంది.

సమం అన్నది ఈ ఆటలో చిన్నతనం కాదు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షెఫర్ బృందం 1989లో మొదలుపెట్టిన చినూక్ అనే ప్రోగ్రాం ద్వారా, ఇద్దరూ ఒక్క పొరపాటు కూడా చేయకపోతే ఆట సమంగానే ముగుస్తుందని 2007లో నిరూపించారు. బల్ల మీద ఏర్పడగల స్థితుల సంఖ్య 5 పక్కన 20 సున్నాలు పెట్టినంత. అమెరికా గణిత ఆచార్యుడు మేరియన్ టిన్స్లీ దశాబ్దాల పాటు వేళ్ల మీద లెక్కించదగినన్ని ఆటలే ఓడిన మహా ఆటగాడు. ఆయన 1992లో ఇదే చినూక్‌తో తలపడి 4 ఆటలు గెలిచి, 2 ఓడి, 33 సమం చేసుకున్నారు. అంతటివారి మధ్యనే 39 ఆటల్లో 33 సమంగా ముగిశాయంటే, మనవంటివారి ఆటలో గెలుపు ఎదుటివారి పొరపాటు వల్లనే వస్తుందని అర్థం చేసుకోవచ్చు. ఆ పొరపాటుకు దారి తీయించడమే మన పని.

ఆటకు ముందు ఒప్పందం

మా ఊరికి ఒక పక్క ఆంధ్రలోని పాతపట్నం, మరొక పక్క గుణుపురం దారి ఉన్నాయి. సెలవుల్లో బంధువుల పిల్లలు అన్ని వైపుల నుంచీ వస్తారు, ప్రతి ఒక్కరూ తమ ఇంటి నియమాలు తెస్తారు. కొన్నేళ్ల కిందట ఒక బడిలో నేను జరిపించిన పిల్లల పోటీలో మొదటి ఆటే పోట్లాటగా మారింది. ఒక పిల్లవాడు తన రాజును బల్ల ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క దూకులో తీసుకువెళ్లాడు, రెండవవాడు అది మోసమన్నాడు. నిజానికి ఇద్దరూ సరైన ఆటే ఆడుతున్నారు, కాకపోతే వేరు వేరు ఆటలు. నియమాలు ముందుగా చదివి వినిపించకపోవడం నా పొరపాటు. అప్పటి నుంచి మొదటి ఎత్తుకు ముందే తెలుగులోనూ ఒడియాలోనూ నాలుగు ప్రశ్నలు అడిగి ఒప్పిస్తున్నాను: కొట్టడం తప్పనిసరా? మామూలు కాయ వెనక్కి కొడుతుందా? రాజు ఎన్ని గడులు వెళ్తాడు? ఎక్కువ కాయల దారినే పట్టాలా?

ఈ వ్యాసంలోని ఆటకు జవాబులు వరుసగా అవును, లేదు, ఒక్క గడి, అక్కరలేదు. అంతర్జాతీయ డ్రాఫ్ట్స్ అనే ఆట 100 గడుల బల్ల మీద 20 చొప్పున కాయలతో సాగుతుంది. అందులో కాయలు వెనక్కీ కొడతాయి, రాజు ఎంత దూరమైనా వెళ్తాడు, ఎక్కువ కాయలు దొరికే దారినే పట్టాలి. రష్యా పద్ధతిలో బల్ల 64 గడులదే, కానీ రాజు దూరం వెళ్తాడు, కొడుతూ మధ్యలో రాజయిన కాయ ఆ వంతులోనే రాజుగా కొడుతూ పోవచ్చు. ఫోన్లో ఆడే పిల్లలు సెట్టింగుల్లో ఏ పద్ధతి ఉందో చూసుకోకుండా ఆడి, ఆ అలవాటునే అరుగు మీదికి తెస్తుంటారు.

గడుల అంకెలు

ఎత్తులు రాసుకోవడానికి, ఈ వ్యాసంలోని ఉదాహరణలు అర్థం కావడానికి గడుల అంకెలు తెలియాలి. తెల్ల కాయల వైపు కూర్చుని చూడండి. అన్నింటికంటే దూరంగా ఉన్న వరుసలో ఎడమ నుంచి కుడికి నల్ల గడులు 1, 2, 3, 4. దాని కింద వరుసలో 5, 6, 7, 8. అలా దిగుతూ వస్తే మీకు దగ్గరి వరుసలో 29, 30, 31, 32 వస్తాయి. నల్ల కాయలు 1 నుంచి 12 వరకు, తెల్ల కాయలు 21 నుంచి 32 వరకు ఉంటాయి. ఇంట్లో తయారుచేసిన బల్లయితే గడి మూలన పెన్సిలుతో చిన్నగా అంకె వేసుకుంటే వారం రోజుల్లో కంఠస్థం అవుతుంది. నల్ల కాయ 11 నుంచి 15కు వెళ్తే 11–15 అనీ, 15లోని కాయ కొట్టి 22లో దిగితే 15×22 అనీ రాయాలి.

మొదటి ఎత్తులు

నల్ల కాయలవారికి మొదటి ఎత్తుకు ఏడే దారులు ఉన్నాయి: 9–13, 9–14, 10–14, 10–15, 11–15, 11–16, 12–16. కొత్తవారు 11–15తో మొదలుపెట్టాలని నా సలహా. కాయ నేరుగా బల్ల నడిబొడ్డుకు చేరుతుంది. నడుమ ఉన్న 14, 15, 18, 19 గడుల మీద పట్టు ఉన్నవారికి ఎటు కావాలంటే అటు మళ్లే వీలుంటుంది.

దీనికి తెలుపు 22–18 అని జవాబిస్తే మొదటి మార్పిడి జరుగుతుంది. 22 గడి ఖాళీ అయింది కాబట్టి నల్ల కాయ 15×22 కొట్టక తప్పదు. వెంటనే తెలుపు 25×18 అని తిరిగి కొడుతుంది. కాయకు కాయ సరి. 26×17 అని కూడా కొట్టవచ్చు గానీ, అది కాయను పక్కకు లాగుతుంది, 25×18 అయితే నడిబొడ్డులో నిలుస్తుంది. ఈ నాలుగు ఎత్తులను పిల్లలతో బల్ల మీద పదిసార్లు వేయించండి. ఎర వేయడం, కొట్టించడం, తిరిగి కొట్టడం అన్న మూడు సంగతులూ ఇందులోనే ఉన్నాయి.

నడి ఆట

కాయకు ప్రమాదం ఎప్పుడు వస్తుందో ఒక్క చూపులో పసిగట్టడం మొదటి విద్య. ఎదురుగా శత్రువు ఉన్నంత మాత్రాన భయం లేదు, ఆ గీతలో మీ కాయ వెనక గడి ఖాళీగా ఉంటేనే ప్రమాదం. అందుచేత కాయలను జంటలుగా, ఒకదాని వెనక మరొకటి ఆసరాగా ఉండేలా నడిపించాలి. బల్ల పక్క అంచున ఉన్న కాయను ఎవరూ దాటలేరు, ఆ మాట నిజమే. కాని అంచున ఉన్న కాయకు ముందుకు ఒక్కటే దారి. భయంతో అన్ని కాయలనూ అంచులకు తరలించినవారు చివరికి కదిలే చోటు లేక ఓడిపోతారు. మా వీధి పిల్లల్లో సగం మంది మొదటి నెలంతా ఇలాగే ఓడారు.

సొంత చివరి వరుసను తొందరపడి ఖాళీ చేయకూడదు. తెల్ల కాయలవారు 30, 32 గడుల్లోని కాయలను, నల్ల కాయలవారు 1, 3 గడుల్లోని కాయలను వీలైనంత కాలం కదపకుండా ఉంచాలి. ఎవరికి వారి వైపు నుంచి చూస్తే ఇవి ఎడమ నుంచి రెండవదీ, నాలుగవదీ. ఈ రెండూ వంతెన స్తంభాల వంటివి. ఎదుటివారి ఒంటరి కాయ 25, 26, 27లో దేనిలోకి అడుగుపెట్టినా, దాని వెనక గడి ఖాళీగా ఉన్నంత వరకు ఈ రెండింటిలో ఒకటి దాన్ని కొట్టేస్తుంది. మిగిలిన పది కాయలూ ధైర్యంగా ముందుకు పోవచ్చు.

ఇక ఎర సంగతి. ఈ స్థితిని బల్ల మీద పేర్చండి: నల్ల కాయలు 5, 12, 14, 15లో, తెల్ల కాయలు 22, 23, 27, 32లో ఉన్నాయి, తెలుపు వంతు. పైకి చూస్తే సమానం. తెలుపు 23–18 అని కాయను శత్రువుల నోటికి అందిస్తుంది. 15లోని నల్ల కాయ దాన్ని కొట్టలేదు, ఎందుకంటే దిగవలసిన 22లో తెల్ల కాయ ఉంది. 14లోని కాయ మాత్రం కొట్టక తప్పదు, 14×23. అక్కడి నుంచి 27 మీదుగా మళ్లీ దూకుదామంటే 32లో తెల్ల కాయ కాపలా ఉంది. ఇప్పుడు తెలుపు 27లోని కాయతో 23 మీదుగా 18కి, అక్కడి నుంచి 15 మీదుగా 11కు రెండు దూకులు వేస్తుంది. ఒకటి ఇచ్చి రెండు తీసుకున్నాము, పైగా 11లో దిగిన కాయ రెండు ఎత్తుల్లో రాజవుతుంది. ఈ ఉదాహరణలో 22, 32 కాయలు ఒక్క అడుగు కూడా కదలలేదు, అయినా అవి లేకపోతే ఎర వృథా. పిల్లలను ఈ రెండింటిలో ఒకదానిని తీసేసి మళ్లీ ఆడమనండి, ఏమి జరుగుతుందో వారే కనిపెడతారు.

ఒక కాయ ముందంజలో ఉన్నప్పుడు కాయకు కాయ మార్పిడి చేసుకుంటూ పోవడం మంచిది. 12కు 11 ఉన్నప్పుడు తేడా తెలియదు, అదే 3కు 2 అయినప్పుడు ఆట చేతిలో ఉన్నట్టే. వెనకబడినవారు దీనికి వ్యతిరేకంగా మార్పిడులు తప్పించుకుంటూ ఆటను చిక్కుగా ఉంచాలి.

ముగింపు ఆట

చాలామంది గెలుపు దాకా వచ్చి వదులుకునేది ఇక్కడే. రెండు రాజులతో ఒంటరి రాజును తరుముతూ, గంట గడిచాక సమం అని లేచిపోతారు.

ముందుగా వంతు విలువ చూడండి. తెల్ల రాజు 29లో, నల్ల రాజు 22లో, మరేమీ లేవు. తెలుపు వంతయితే దానికి ఉన్న ఒకే ఎత్తు 25, వెంటనే నల్ల రాజు 22×29 కొట్టి గెలుస్తాడు. అదే స్థితిలో నలుపు వంతయితే నల్ల రాజు అక్కడి నుంచి తప్పుకోక తప్పదు, తెల్ల రాజు బయటపడతాడు. స్థితి ఒక్కటే, ఎవరు కదలాలన్నదాన్ని బట్టి ఫలితం మారింది. మీ ఎడమచేతి మూలలో ఒక్క నల్ల గడే ఉంటుంది కాబట్టి అది ఇలాంటి ఉచ్చు. కుడిచేతి మూలలో రెండు నల్ల గడులు పక్కపక్కన ఉంటాయి, తెలుపుకు 28, 32, నలుపుకు 1, 5. ఓడేవారు ఎప్పుడూ ఆ జంట మూలకే పారిపోయి, రెండు గడుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ప్రాణం కాపాడుకుంటారు.

వారిని బయటికి లాగడానికి మన రాజు ఒకటి ఆ మూలలోకే చొరబడాలి. తెల్ల రాజు 28, 32 మధ్య తిరుగుతున్నాడనుకోండి. నల్ల రాజులను 18, 19లకు తెచ్చి, తన వంతులో 18లోని రాజును 23కు దింపాలి. ఇప్పుడు రాజులు 19, 23లో ఉన్నారు. తెల్ల రాజు 27కు గానీ 24కు గానీ వస్తే వెంటనే కొట్టేయవచ్చు, అందుచేత అతడు 28, 32 మధ్యనే కదలాలి. నలుపు వంతులో అతడు 32లో ఉంటే 19–24 వేయాలి, అతడు 28కి తప్పుకోగానే 23–19 అని ఆ రాజుకు వెనక ఆసరా ఇవ్వాలి. అతడు 32కు తిరిగి వెళ్లక తప్పదు, అప్పుడు 24–28, అతడికి 27 ఒక్కటే దారి, ఆపై 28–32, ఇక అతడు చావకుండా ఉండాలంటే 31కే పోవాలి. ఇప్పుడు 19–15, అతడు 26కు వస్తే 15–18, ఆపై అతడు 30కి గానీ 31కి గానీ వెళ్తే 18–22 వేయాలి, ఇక ఎటు కదిలినా కొట్టి ఆట ముగించవచ్చు. అతడు 28లో ఉంటే ఇవే ఎత్తులను అద్దంలో చూసినట్టు రెండో వైపు, 23–27తో మొదలుపెట్టి వేయాలి. ఏ గడిలో ఉన్నా చావు ఒకటే.

మూడు బిళ్లలతో అయ్యే ఈ అభ్యాసానికి పది నిమిషాలు పడుతుంది. మొదట నేర్పేవారు తెల్ల రాజును పట్టుకుని నేర్చేవారిని నల్ల రాజులతో గెలవమనాలి, తరువాత పక్షాలు మార్చుకోవాలి. తప్పించుకునే వైపు కూర్చున్నప్పుడు పిల్లలకు ఒక సంగతి తెలిసివస్తుంది: 18, 19లోని రాజులు ఇంకా దగ్గరికి రాకముందే, తమ వంతులో 32 నుంచి 27కు జారితే మళ్లీ కొంతసేపు బతకవచ్చు. అప్పుడు తరిమేవారు తొందరపడి పక్కకు వచ్చి నిలబడకూడదు, వెనక గడి ఖాళీగా ఉంటే తెల్ల రాజే వారిని కొట్టేస్తాడు. ఒక గడి ఎడం ఉంచుతూ, అతడు మళ్లీ మూలకు చేరేదాకా ఓపికగా వెంటాడి, 19, 23 గడులను తిరిగి పట్టుకోవాలి.